లెక్క సరిపోయిన ఖోకాలు

చంద్రపూర్ పక్కనున్న దుర్గాపూర్ దాటాక తారు రోడ్డు అయిపోయింది. బండి గని రోడ్డెక్కింది. సెప్టెంబరు చివరి వారం, మధ్యాహ్నం రెండు గంటలు. వాన వెలిసినా ఉక్క తగ్గలేదు. నల్లరేగడి అప్పుడే పెచ్చులుగా విచ్చుకుంటోంది. ఎడమ పక్క కోతకొచ్చిన సోయాబీన్. కుడి పక్క బొగ్గు గని తవ్వి పోసిన మట్టి దిబ్బ, చిన్న గుట్టంత. ఆ దిబ్బే మా ఫైరింగ్ రేంజికి వెనక గోడ. దాని ముందు టార్గెట్ల కందకం, కందకానికి ఇవతల మూడు వందల మీటర్ల గడ్డి నేల, గడ్డి చివర ఒక రేకుల షెడ్డు. సైన్యంలో తుపాకుల మిస్త్రీని నేను, నా డ్యూటీ ఆ షెడ్డులో.

నాతో వచ్చిన సామాను ఒక కిట్ బ్యాగు, పరుపు చుట్ట, కొలత పనిముట్లున్న ఇనప పెట్టె. ఆర్డరు నాలుగు వాక్యాలు. పోటీలకు పంపే రైఫిల్ దళానికి చేత్తో నింపిన తూటాలు పనికొస్తాయా, రావా, తేల్చాలి. అందుకు కావలసిన డైలు, పనిముట్లు ఎంచాలి. డిసెంబరులో సెలక్షన్. ఈలోగా ఫలితం రాకపోతే షెడ్డు మూసేయాలి.

సైన్యం చూడని వాళ్ల కోసం కొంచెం చెప్పాలి. తూటా అంటే చాలామంది ముందున్న సీసపు ముక్క అనుకుంటారు. అది నాలుగు వస్తువుల సంసారం. ఇత్తడి గొట్టం, దాని అడుగున నిప్పు పుట్టించే టోపీ, లోపల మందు, మూతిలో గుండు. కారఖానా తూటాను ఏ రైఫిల్లోనైనా పట్టేలా చేస్తారు. ఊరందరికీ ఒకే కొలత చెప్పులు కుట్టినట్టు. యుద్ధానికి అదే సరి. పోటీకి చాలదు. అక్కడ ప్రతి రైఫిల్‌కూ దాని పాదానికి తగ్గ చెప్పు కావాలి. పేలినప్పుడు ఇత్తడి గొట్టం ఉబ్బి, ఆ రైఫిల్‌లో తూటా కూర్చునే గది ఆకారానికి వస్తుంది. కాల్చాక బయటపడే ఆ ఖాళీ గొట్టాన్ని మేం ఖోకా అంటాం. దాన్ని మళ్లీ వాడాలంటే ఉక్కు అచ్చులో పెట్టి నొక్కి కొలతకు తేవాలి. ఆ అచ్చే డై.

షెడ్డులో నాకంటే ముందే ఇద్దరున్నారు. సుబేదార్ సాబ్ బల్లార్‌పూర్ మరాఠీ మనిషి. తెలుగు వాడలో పెరగడంతో మా తెలుగే మాట్లాడతాడు, మధ్యలో హిందీ పోపు పెట్టి. యాభైకి దగ్గర. నుదుట బొట్టు, మీసం, ఇస్త్రీ చెదరని యూనిఫాం. రెండోవాడు షూటర్, నాయక్ హోదా. కోర్పణ తాలూకాలో పత్తి పండించే తెలుగు కుటుంబం వాడిది. నాది రాజురా అని తెలియగానే చెయ్యి పట్టుకున్నాడు.

"మనూరోడే దొరికిండు. ఇగ నా తూటాలు సీద పోతయ్ ఉస్తాద్."

"నీ చెయ్యి సీదగుంటెనే."

"చెయ్యి సంగతి ముందే తీసినవా," అని నవ్వాడు. ఆ నవ్వులో ఏదో తగ్గింది. ఎందుకో అప్పుడు అర్థం కాలేదు.

సుబేదార్ సాబ్ తర్వాత చెప్పాడు. వాడికి ముప్పై ఆరు. రెండుసార్లు సెలక్షన్ గీత దగ్గర ఆగిపోయాడు. ఇది మూడోసారి, ఆఖరిసారి. ఈసారీ పోతే రైఫిల్ అప్పగించి స్టోర్ డ్యూటీకి వెళ్లాలి. పోటీకని తెప్పించిన విదేశీ తూటాలు వేసవిలోనే అయిపోయాయి. ఇక వాడికి దిక్కు మేం నింపేవే.

మొదటి పని చోటును చదవడం. గనిలో రోజూ మధ్యాహ్నం బ్లాస్టింగ్. సైరన్ మోగేది, కాసేపటికి కాళ్ల కింద నేల వణికేది, బల్ల మీద తూకం ముల్లు ఊగేది. కరెంటు తూకం తెచ్చి చూశాం. వోల్టేజీ ఎగిరినప్పుడల్లా అంకెలు మారేవి. మందు తూచడంలో గింజంత తేడా వచ్చినా దూరంలో గుండు పైకో కిందికో పోతుంది. అందుకని దాన్ని పక్కన పెట్టి, పాతకాలపు దండె తూకాన్ని గాజు పెట్టెలో ఉంచి, ఉదయం పూటే తూచాలని నిర్ణయించాను. పక్కనున్న బొగ్గు కరెంటు కేంద్రం బూడిద ఇంకో పీడ. కంటికి కనపడదు, వేలికి తగులుతుంది. నూనె రాసిన ఖోకాకు అంటుకుని డైలోకి వెళితే ఉక్కు మీద గీత పడుతుంది. ప్రతి ఖోకానూ తుడిచి, నూనె రాసి, నొక్కి, మళ్లీ తుడిచేవాణ్ని. ఖోకాను డైలోకి నొక్కే ప్రెస్ కోసం రెండు నమూనాలు చూశాను. తేలికది వద్దని, పోత ఇనుముది తీసుకుని సిమెంటు దిమ్మకు బిగించాను. నొక్కేటప్పుడు ప్రెస్ వంగితే ఏ డై పెట్టినా ఒకటే.

అసలు పేచీ డైతో వచ్చింది. రెండు రకాలు తెప్పించమన్నాను. ఒకటి ఖోకా ఒళ్లంతా నొక్కుతుంది. రెండోది గుండు కూర్చునే మెడను మాత్రం బిగిస్తుంది, ఒంటిని ముట్టుకోదు. రైఫిల్ గదికి తగ్గట్టు ఉబ్బిన ఒళ్లు అలాగే ఉండిపోతుంది కాబట్టి, అదే రైఫిల్‌లో రెండోసారి చక్కగా కుదురుతుంది. పుస్తకాలు మెడ డైనే పొగిడాయి. నేనూ దాని మీదే ఆశ పెట్టుకున్నాను.

ఒంటి డై దసరాకు ముందే వచ్చింది. దసరా నాడు మా దగ్గర శస్త్రపూజ. రైఫిళ్లు బల్ల మీద వరసగా పేర్చారు. వాటితో పాటు ప్రెస్, తూకం, డై. సుబేదార్ సాబ్ ఒక్కోదానికి పసుపు, కుంకుమ పెట్టి, బంతి పూలు వేసి, కొబ్బరికాయ కొట్టాడు. నేను వరస చివర నిలబడ్డాను. చిన్నప్పుడు మా పెదనాన్న నన్ను సంస్కరణ సభలకు తీసుకెళ్లేవాడు. దండం పెట్టే ముందు ప్రశ్న అడుగు అని నేర్పింది ఆయనే. నేను దండం పెట్టలేదు. సుబేదార్ సాబ్ చూశాడు. అందరితో పాటు నాకూ కొబ్బరి ముక్క ఇచ్చాడు.

మెడ డై పార్సిల్ పండగ వెళ్లిన మర్నాడు వచ్చింది.

కాల్పులు మొదలయ్యాయి. ఉదయం ఏడు గంటలు, గాలి లేదు, దిబ్బ మీద పలచని మంచు. ఒంటి డైతో నింపిన అయిదు తూటాలు అరచేతిలో ఇమిడేంత చోట పడ్డాయి. మంచిదే, సెలక్షన్‌కు చాలదు. అక్కడ టీ కప్పు మూతి అంత చోటులో పడాలి. మెడ డైతో నింపినవి మూడు ఒకదాన్నొకటి రాసుకుంటూ పడ్డాయి. రెండు ఎక్కడికో పోయాయి. మర్నాడూ అంతే. ఆ మర్నాడు నాలుగు కలిసి ఒకటి పారిపోయింది. ఏది పారిపోతుందో ముందు తెలియదు. మందు మళ్లీ తూచాను. గుండ్లు మార్చాను. డై విప్పి కడిగి బిగించాను. పారిపోయేది పారిపోతూనే ఉంది.

సుబేదార్ సాబ్ టార్గెట్ కాగితం మడిచి బల్ల మీద పెట్టాడు.

"మిస్త్రీ, గిది పూజల కూసోలే. అందుకే గిట్ల దగా జేస్తుంది."

"సాబ్, గది ఉక్కు. దానికి దసరా ఎర్కలేదు."

"నీకెర్కనా మరి, ఎందుకు పోతున్నయో?"

"నాకూ ఎర్కలే. ఎర్కలేనప్పుడు ఎర్కలేదందాం. దేవునికి కోపమొచ్చిందని ఎందుకనాలె?"

"కోపమన్లే. రక్షణ లేదంటున్న."

"రెండేండ్ల కింద పూజల కూసున్న రైఫిల్ బ్యారెల్ పగిలింది గద సాబ్. మీరే జెప్పిండ్రు."

షూటర్ మూల నుంచి, "అరె, మీ ఇద్దరి లొల్లిల నా సెలక్షన్ పాయె," అన్నాడు.

వాదన అక్కడ ఆగితే మన దేశంలో జరిగే అన్ని వాదనల్లాగే ముగిసేది. ఆయన తన నమ్మకంతో, నేను నా వెటకారంతో, వాడు తన స్టోర్ డ్యూటీతో. అందుకే ఆయన్ని ఒకటి అడిగాను.

"సాబ్, మెడ డైకి ఇయ్యాల మీరే పూజ జేయుండ్రి. దసరా నాడు చేసినట్టే, ఏదీ తక్కువ జేయకుండ. ఒంటి డైకి పూజ తీసేయుండ్రి. రెండింటితోని మళ్ల కొడదాం. పూజది మహిమ అయితే తారుమారు కావాలె గద."

ఆయన చాలాసేపు మీసం దువ్వుకున్నాడు. దేవుణ్ని పరీక్షకు కూర్చోబెట్టమంటున్నానని ఆయనకు తెలుసు. తన కింది హోదా వాడొకడు, దండం పెట్టనివాడు అడుగుతున్నాడనీ తెలుసు. ఒక్క మాటతో నన్ను గుమ్మం బయటికి పంపగలడు.

"నిజంగ జేస్త. నాటకం జేయ," అన్నాడు. "ఫరక్ రాకపోతే మళ్ల పూజ పేరెత్త. వస్తే నువ్వు దండం పెట్టాలె."

"పెడ్త సాబ్."

స్నానం చేసి వచ్చాడు. దుర్గాపూర్ నుంచి కొబ్బరికాయ, పూలు తెప్పించాడు. మెడ డైకి పసుపు రాశాడు, బొట్టు పెట్టాడు, కళ్లు మూసుకుని మంత్రం చదివాడు. ఒంటి డై ముందు చేతులు జోడించి ఉద్వాసన చెప్పి, అక్షింతలు వేసి, దాన్ని కొంచెం పక్కకు జరిపాడు. ఎక్కడా తొందర లేదు. నా మీద పంతం లేదు. దొంగతనంగా ఏదీ తగ్గించలేదు, పెంచలేదు.

మర్నాడు ఉదయం కొట్టాం. ఒంటి డైవి అరచేయంత చోటులోనే పడ్డాయి. మెడ డైవి మూడు కలిశాయి, రెండు పారిపోయాయి.

సుబేదార్ సాబ్ టార్గెట్ దగ్గర నిలబడి వేలితో ఒక్కో చిల్లునూ తాకాడు. షెడ్డుకు వచ్చి జేబు రుమాలుతో డై మీది కుంకుమ తుడిచి, నా చేతిలో పెట్టాడు.

"పూజ కాదు. ఒప్పుకున్న. మరి ఏంది? గది నువ్వు జెప్పాలె. కాదు కాదు అంటే ఎవడైనా అంటడు."

ఆ మాట నాకు ఉపకారం చేసింది. ఉద్యోగం విడిచాక ఎన్నో వేదికలెక్కాను. తాయెత్తుల మీద, ముహూర్తాల మీద, చేతబడి పేరుతో ఆడవాళ్లను కొట్టే దుర్మార్గం మీద గొంతు చించుకుని మాట్లాడాను, రాశాను. ఎదుటివాళ్లు శాస్త్రం పేరెత్తారు, తాతల పేరెత్తారు, నా పుట్టుక పేరూ ఎత్తారు. తన నమ్మకాన్ని తనే బల్ల మీద పెట్టి, నువ్వే కొలిచి చూడు అన్నవాడు ఆయనొక్కడే. ఆస్తికుడైనా ఆయన పాటించింది హేతువు ధర్మం. నాస్తికులమని చెప్పుకునే మాలో ఎంతమందికి ఆ గుండె ఉంది? మనకిష్టమైన సిద్ధాంతాన్ని అంత నిజాయితీగా పరీక్షకు పెడతామా? నన్ను నేను అడుక్కునే ప్రశ్న ఇది. అది ఆయన పెట్టిన భిక్ష.

ఆ మధ్యాహ్నం బ్లాస్టింగ్ సైరన్ మోగాక షూటర్ నా పక్కన వచ్చి కూర్చున్నాడు.

"ఉస్తాద్, ఒకటి జెప్తే నవ్వద్దు."

"జెప్పు."

"కొన్ని తూటాలకు బోల్ట్ బరువుగ పడ్తది. కొన్నిటికి అల్కగ పడ్తది." తూటాను గదిలోకి తోసి మూసే గొళ్లెమే బోల్ట్.

"ఎప్పటిసంది?"

"మెడ డై వచ్చినప్పటిసంది."

"ఇన్ని దినాలు నోట్లె ఏం పెట్టుకున్నవ్?"

వాడు తన కుడి చెయ్యి చూసుకున్నాడు. "నా చెయ్యే మొద్దుబారిందనుకున్న. రైఫిల్ మీద శికాయత్ జేస్తే, ముసలోడు సాకులు జెప్తుండంటరు. రెండుసార్లు పోయినోని మాట ఎవడింటడన్నా."

ఉస్తాద్ పోయి అన్న వచ్చింది. నేను వచ్చిన రోజు వాడి నవ్వు ఎందుకు తగ్గిందో అప్పుడు తెలిసింది. తూటా పారిపోయినప్పుడల్లా వాడు తన వయసునే తిట్టుకున్నాడు.

మర్నాడు మెడ డై తూటాలిచ్చి, ఒక వాకీటాకీ వాడి పక్కన పెట్టాం. గుండు పేల్చే ముందు బోల్ట్ ఎట్లా పడిందో చెప్పాలి. కందకంలో టార్గెట్లు చూసే జవాను హిందీవాడు, గుండు ఎక్కడ పడిందో చెప్పాలి, మధ్యలో అయితే 'బీచ్ మే', బయట అయితే 'బాహర్' అని. ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా వాళ్ల సెట్లను వేరు వేరు చానళ్లలో ఉంచాను. రెండూ వినపడేది మా దగ్గరున్న రెండు సెట్లలోనే.

"అల్కగ."

"బీచ్ మే."

"అల్కగ."

"బీచ్ మే."

"బరువు."

"దో బజే, బాహర్." అంటే గడియారంలో రెండు గంటల ముల్లు చూపే వైపు, బయట.

"అల్కగ."

"బీచ్ మే."

"బరువు."

"బాహర్."

సుబేదార్ సాబ్ రెండు సెట్లనూ చెవులకు ఆనించుకుని నన్నే చూస్తున్నాడు. ఇంకో అయిదు కొట్టించాం. బరువన్న ప్రతిదీ బయటికి పోయింది.

చెయ్యి కాదు. మహిమ కాదు. ఖోకా. బరువుగా పడ్డ ఖోకాలను తెచ్చి, మా దగ్గరున్న రెండో రైఫిల్‌లో పెట్టి చూశాను. అది రిజర్వులో ఉంచిన రైఫిల్, వారానికి రెండుసార్లు కొట్టేవాళ్లం. అవి చప్పుడు లేకుండా అందులోకి దిగాయి. తమ ఇంట్లో తాము పడుకున్నట్టు.

ముగ్గురం ఒకేసారి మూలనున్న గోనె సంచి వైపు చూశాం.

సైన్యంలో ఒక నియమం ఉంది. ఎన్ని తూటాలు పేలాయో అన్ని ఖోకాలు సాయంత్రానికి అప్పగించాలి. ఒకటి తగ్గితే పెద్దవాళ్లతో సహా అందరూ గడ్డిలో మోకాళ్ల మీద వెతకాలి. ముళ్లు గుచ్చుకున్నా, చీకటి పడుతున్నా దొరికే దాకా లేవకూడదు. మంచి నియమమే. తూటా బయటికి పోతే ప్రాణం పోతుంది. ఆ అలవాటుతోనే మేం రెండు రైఫిళ్ల ఖోకాలనూ ఒకే సంచిలో వేసి, లెక్క పెట్టి, లక్క ముద్ర వేసేవాళ్లం. లెక్క ఒక్కనాడూ తప్పలేదు. ఎన్ని అన్నది చూశాం. ఎవరివి అన్నది ఎవరికీ తట్టలేదు. ఒంటి డై అన్నిటినీ ఒకే కొలతకు నొక్కేది కాబట్టి తేడా కనపడలేదు. మెడ డై ఒంటిని ముట్టుకోదు కాబట్టి పరాయి రైఫిల్ ఒళ్లు అలాగే మిగిలి, మా షూటర్ రైఫిల్‌లో ఇరుక్కుంది.

సుబేదార్ సాబ్ సంచిని కాలితో కదిపి చూశాడు.

"గిన్తీ బరాబర్. అకల్ కమ్," అన్నాడు, లెక్క సరే, తెలివే తక్కువ అని. "పాతికేండ్లసంది గిట్లనే లెక్కవెడ్తున్న మిస్త్రీ. ఎవ్వడూ అడగలే."

"నాకూ తట్టలే సాబ్."

"మీకిద్దరికి తట్టలే. చెయ్యి మాత్రం నాదే తిట్లు తిన్నది," అన్నాడు షూటర్. ఆ రోజు వాడి నవ్వు ఎక్కడా తగ్గలేదు.

చివరికి ఏ డై ఎంచాను? ఒంటి డైనే. దాన్ని చివరంటా దించి ఖోకాను పూర్తిగా నలిపేయలేదు. షూటర్ రైఫిల్ ఖోకాలనే కొలిచి, మెడ కింది భుజం వెంట్రుకవాసి వెనక్కి జరిగేంత మాత్రమే తగిలేలా మరను బిగించాను. బోల్ట్ ప్రతిసారీ ఒకేలా పడింది. మెడ డై చెడ్డదేమీ కాదు. ఒక రైఫిల్, ఒక సంచి ఉన్న ఇంట్లో అది హాయిగా ఉంటుంది. దుమ్ములో, తొందరలో, పదిమంది చేతుల మధ్య మాకు ఒంటి డై నమ్మకం. సుబేదార్ సాబ్ మొదటి నుంచీ దాన్నే ఇష్టపడ్డాడు. ఆయన జవాబు సరైనదే, కారణం తప్పు. తప్పు కారణంతో వచ్చిన సరైన జవాబు ఒక రోజు గెలిపిస్తుంది, రెండో రోజు ముంచుతుంది. ఈ మాట ఆయనతోనే అన్నాను. "గెలిచినోన్ని గూడ తిడ్తవ్ రా నువ్వు," అన్నాడు.

ఇక షూటర్ రైఫిల్ ఖోకాలకు వేరే డబ్బా. ఒక్కొక్కటే బోల్ట్ పెట్టి చూసి ఏరాం. మంచివి కొన్నే మిగిలాయి. సెలక్షన్ రెండు రోజులు. మొదటి రోజు కొట్టిన ఖోకాలనే మర్నాడు ఉదయం నింపి, మధ్యాహ్నం మళ్లీ వాడాలి. పక్క వరసల్లో మిగతా దళాల షూటర్లు, వాళ్ల ఖోకాలూ ఇత్తడివే. ఒకటి కలిసిందా, వాడి ఆఖరి అవకాశంలో ఒక గుండు బయటికి పోయినట్టే.

డిసెంబరు. ఉదయం చలి, దిబ్బ మీద పొగమంచు, పదకొండింటికి ఎండ. రెండు రోజులూ వాడు కొట్టాడు. రెండో రోజు ఆఖరి టార్గెట్ కాగితం కందకం నుంచి పైకి వచ్చింది. వాడి అయిదు చిల్లుల మీద అధికారి టీ కప్పు బోర్లించి చూశాడు. ఒక్కటీ బయట లేదు. వాడి పేరు చదివారు. వాడు లేచి నిలబడలేదు. రైఫిల్ పక్కనే బోర్లా పడుకుని, కుడి చేతిని నుదుటికి ఆనించుకున్నాడు.

నా డ్యూటీ అయిపోయింది. పెట్టె సర్దుకున్నాను. సుబేదార్ సాబ్ బండి దాకా వచ్చి, చెయ్యి కలిపాడు. "వచ్చే దసరాకు రా. దండం పెట్టకు. కొబ్బరి తిను," అన్నాడు. చంద్రపూర్‌లో ఎస్టీ సర్కారు బస్సు ఎక్కాను. బల్లార్‌పూర్ దాటి, వర్ధా నది వంతెన మీదుగా రాజురా చేరేసరికి పొద్దు గూకుతోంది. చేలల్లో పత్తి ఏరుతున్నారు.

ఊళ్లో వాళ్లు నన్ను యుద్ధం గురించే అడుగుతారు. ఏం చూశావు, ఏం మరిచిపోలేకపోయావు అంటారు. సెలక్షన్ నాటి మొదటి మధ్యాహ్నం గురించి చెప్తాను. రేంజి మీద ఉన్న అందరి కళ్లూ దూరాన కాగితాల మీద. అధికారుల దుర్భిణులు అటే, నా కళ్లూ అటే. షూటర్‌కు కుడి పక్క, ఇస్త్రీ యూనిఫాంతో గడ్డిలో మోకాళ్ల మీద సుబేదార్ సాబ్. ఆయన టార్గెట్ వైపు ఒక్కసారీ చూడలేదు. అరచేయి చాచి బోల్ట్‌నే చూస్తున్నాడు. తుపాకీ పేలింది, బోల్ట్ వెనక్కి వచ్చింది, కాలుతున్న ఇత్తడి గాల్లోకి లేచి నేల తాకకుండా ఆ చేతిలో పడింది. ఆయన వేళ్లు మూసుకున్నాయి. చల్లారేదాకా తెరుచుకోలేదు.